పేర్లు కొట్టే బల్ల

నా నెత్తిన పడింది ఇత్తడి గుండిగ. ఆ సంగతి ఎవరికి చెప్పినా మా అత్తగారు రాఘవమ్మ చివర్న "ఇత్తడిది గనక సరిపోయింది" అనేది. ఇత్తడిదైతే ఎట్లా సరిపోయిందో ఆవిడ చెప్పలేదు, వినేవాళ్ళూ అడగలేదు.

నరసరావుపేటలో మాది స్టీలు, ఇత్తడి సామాన్ల కొట్టు. కింద కొట్టు, పైన కాపురం. మాఘమాసం, పెళ్ళిళ్ళు ఊపందుకున్న రోజులు. నాదెండ్ల నుంచి పెళ్ళివారొచ్చి వంటలకి పెద్ద గుండిగ చూపించమన్నారు. మా ఆయన శ్రీనాథ్ నిచ్చెనెక్కి పై అరలోంచి గుండిగ తీశాడు. పెళ్ళయిన దగ్గర్నుంచీ మాకో అలవాటు. ఆయన పైనుంచి అందించడం, నేను కింద అందుకోవడం. ఆ రోజు నేను చేతులు చాపేలోగానే ఆయన చెయ్యి జారింది.

కళ్ళు తెరిచేసరికి మొహం మీద నీళ్ళు, చుట్టూ మనుషులు. స్పృహ తప్పింది కాసేపే. ఆస్పత్రికి తీసుకెళ్ళి స్కాన్ తీయించారు. స్కాన్ నార్మల్. ఈ రెండు మాటలూ ఆ ఎండాకాలమంతా నన్ను వెంటాడి వేధించాయి. తల పగిలిపోతోందంటే స్కాన్ నార్మల్. ట్యూబులైటు వైపు చూడలేకపోతున్నానంటే స్కాన్ నార్మల్. పప్పులో ఉప్పు రెండుసార్లు వేశానంటే కూడా స్కాన్ నార్మలే. డాక్టరు మాత్రం, "చిన్న దెబ్బేనమ్మా, కానీ కొన్నాళ్ళు తలనొప్పీ చిరాకూ మతిమరుపూ ఉంటాయి, విశ్రాంతిగా ఉండాలి" అన్నాడు. అందులో 'చిన్న దెబ్బ' వరకే మావాళ్ళ చెవికెక్కింది.

ఆస్పత్రిలోనే దీపశ్రీ అనే అమ్మాయి పరిచయమైంది. ఏదో పరిశోధన చేస్తోందట. తలకి చిన్న దెబ్బ తగిలిన పెద్దవాళ్ళు ఇంటికెళ్ళాక ఎట్లా నెట్టుకొస్తున్నారో కొలవాలట. రెండు వారాలకోసారి ఫోన్ చేసి ప్రశ్నలడుగుతుంది, జవాబుల్ని బట్టి స్కోరు వేస్తుంది.

"కొలుస్తారా? దేంతో?" అని అడిగాను ఆ తలనొప్పిలోనే. మా కొట్లో కొలతలంటే లీటర్లూ కిలోలే మరి.

"ప్రశ్నలతోనే మేడమ్," అని నవ్వింది ఆ పిల్ల.

ఇంటికొచ్చాక అసలు పరీక్షలు మొదలయ్యాయి. పరామర్శకి వచ్చిన ప్రతి మనిషీ గుమ్మంలోనే ఆగి, "నన్ను గుర్తుపట్టావా?" అని అడగడమే. పేరు చెబితే చాలదు. ఏ ఊరు, ఎవరి తాలూకు, చివరిసారి ఎవరింట పెళ్ళిలో కలిశాం, అన్నీ అప్పజెప్పాలి. అప్పుడుగానీ మా అత్తగారి వైపు తిరిగి "పర్లేదు రాఘవమ్మక్కా, బానే ఉంది" అని తీర్పు చెప్పి, బత్తాయిల సంచీ అక్కడ పెట్టి, కాఫీకి కూర్చునేవాళ్ళు కాదు. ఆ ఎండాకాలం మా ఇంట్లో కుళ్ళిపోయినన్ని బత్తాయిలు ఇంకే కాలంలోనూ కుళ్ళలేదు.

పక్క కొట్టు ఈశ్వరయ్య గారు కూడా భార్య సుబ్బరత్నమ్మ గారిని వెంటబెట్టుకుని వచ్చారు. పత్తి విత్తనాల వ్యాపారం ఆయనది.

"ఏమ్మాయ్, నేనెవర్నో చెప్పు చూద్దాం."

"మా కొట్టు ముందు రోజూ బండి అడ్డం పెట్టే ఆయన."

ఇల్లంతా నవ్వింది. ఆయనా నవ్వాడు. "మనిషికి ఏం కాలేదు శ్రీనాథా, నోరు నోరుగానే ఉంది" అని, వెళ్ళేముందు అసలు మాట చెప్పాడు. "వైశాఖంలో మా షష్టిపూర్తి. వచ్చినోళ్ళందరికీ తలా ఒక స్టీలు గిన్నె ఇయ్యాలని సుబ్బరత్నం పట్టుబట్టింది. మా ఇద్దరి పేర్లూ నువ్వే కొట్టాల అమ్మాయ్. ఇంకోళ్ళ చేత కొట్టిస్తే నేనొప్పుకోను."

పేర్లు కొట్టడం నా పని. కొట్లో కిటికీ పక్కన ఓ బల్ల, దాని మీద కరెంటు మిషను. దాని సూది గిన్నె మీద టకటకా కొట్టుకుంటుంటే కలం పట్టుకున్నట్టు పట్టుకుని రాసుకుపోవాలి. పెళ్ళికి కానుకిచ్చే బిందె మీద కానుకిచ్చినవాళ్ళ పేరు, సారె సామాను మీద పెళ్ళికూతురి పేరు, పెద్దకర్మ నాడు పంచే గ్లాసుల మీద పోయినవాళ్ళ పేరు. పేటలో ఏ వంటింట్లో చూసినా నా చేతిరాత ఉంటుంది. మా ఇంట్లో వంటిల్లు అత్తగారిది, గల్లాపెట్టె మా ఆయనది. నాకంటూ ఉన్న చోటు ఆ బల్లే. దెబ్బ తగిలిన రోజు నుంచీ నా బెంగ తల గురించి కాదు, దాని గురించే. ఆ బల్ల దగ్గర మళ్ళీ కూర్చోగలనా లేదా అన్నదే.

కూర్చోవడం సంగతి అట్లా ఉంచి, ఒకచోట నిలబడటమే రావడం లేదు. పడుకుంటే లేవాలనిపించేది, లేస్తే ఎందుకు లేచానో తెలిసేది కాదు. మెట్లు దిగేదాన్ని, సగంలో ఆగి మళ్ళీ ఎక్కేదాన్ని. కొట్టుకి వచ్చే ప్రతి మనిషీ గిన్నెని వేలి కణుపుతో కొట్టి చూస్తాడు. ఖంగుమంటే మంచి సరుకని నమ్మకం. కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ ఆ ఖంగు వింటే నాకు సంతోషంగా ఉండేది, బేరం తెగుతోందని. ఇప్పుడది తిన్నగా కణతల్లోకొచ్చి మోగేది. శివరాత్రికి కొండ తిరునాళ్ళకెళ్ళే, మేడంత ఎత్తు ప్రభలు మైకులతో మా వీధిలోంచే వెళ్ళాయి. ఊరంతా రోడ్డు మీదికొచ్చి దణ్ణాలు పెడుతుంటే నేను లోపలి గదిలో చెవుల్లో దూది కుక్కుకుని, దేవుడని కూడా చూడకుండా తిట్టిపోశాను. తర్వాత లెంపలేసుకున్నాను గానీ ఆ రోజు నాకు నిజంగా భయమేసింది.

తిరునాళ్ళ వెళ్ళిన వారం దీపశ్రీ మొదటి ఫోన్ వచ్చింది. సరిగ్గా భోజనాల వేళ. మా ఆయన ఫోను స్పీకర్లో పెట్టి కంచాల మధ్యలో ఉంచాడు. చుట్టూ మేమంతా, అంటే నేను, ఆయన, అత్తగారు, మా మరిది భార్య హైమావతి. మరిది సరుకు కోసం ఊళ్ళు తిరుగుతుంటాడు, ఇంట్లో కనబడేది తక్కువ.

"నేను అడిగిన ప్రతిదానికీ అసలు లేదు, అప్పుడప్పుడు, తరచుగా, ఎప్పుడూ ఉంది, ఈ నాలుగింట్లో ఒకటి చెప్పండి మేడమ్. తలనొప్పి ఉంటోందా?"

నేను నోరు తెరిచేలోగా మా ఆయన అందుకున్నాడు. "అసలు లేదండీ."

"ఆవిడే చెప్పాలి సార్."

ఆయన నావైపు చూసి కళ్ళతో సైగ చేశాడు. నేను "అసలు లేదు" అన్నాను.

"చప్పుళ్ళు భరించలేకపోతున్నారా?"

"లేదని చెప్పవే," అంది అత్తగారు గుసగుసగా. ఆవిడ గుసగుసలాడితే వీధి చివరిదాకా వినబడుతుంది. "ఉందంటే మళ్ళా ఆస్పత్రి చుట్టూ తిప్పుతారు."

"లేదు."

వెలుతురుకి ఇబ్బందా, లేదు. మతిమరుపా, లేదు. చేసే పని మీద మనసు నిలవకపోవడమా, లేదు. మావాళ్ళు సైగలు చేశారు గనకే అన్నానని చెప్పను. ఉందంటే బల్ల దగ్గరికి రానివ్వరేమోనని నాకూ గుబులుగానే ఉంది.

"చివరి ప్రశ్న. కష్టంగా ఉన్నప్పుడు ఇంట్లోవాళ్ళతో చెప్పుకుంటున్నారా?"

"అన్నీ చెబుద్దండీ," అన్నాడు మా ఆయన. "చెప్పకుండా కడుపులో దాచుకునే మనిషి కాదు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

అయిపోయాక అత్తగారు ఫోన్ దగ్గరికి వంగింది. "ఎన్నొచ్చినయ్యమ్మా మా కోడలికి?"

"ఇవి మార్కులు కాదండీ, ఇబ్బందులకి స్కోరు. సున్నా వచ్చింది."

"సున్నానా!" ఆవిడ చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. "మరీ సున్నా ఏందమ్మా? ఇంటర్ ఫస్టుక్లాసులో పాసైన పిల్ల. మళ్ళొకసారి అడిగి చూడు."

సున్నా అంటే అన్నిటికన్నా మంచిదని నచ్చజెప్పేసరికి ఆ పిల్ల తల ప్రాణం తోకకొచ్చింది. మర్నాటి నుంచీ మా ఆయన కొట్టుకొచ్చిన ప్రతివాళ్ళకీ, "సున్నా వచ్చిందండీ, మా ఆవిడకి ఫుల్ క్లియర్" అని చెప్పడం మొదలుపెట్టాడు.

సున్నా వచ్చాక నన్నాపేదెవరు? పొద్దున్నే పూజ చేసుకుని బల్ల దగ్గర కూర్చున్నాను. మిషను ఆన్ చేస్తే ఆ అదురు చేతిలోంచి మోచేతికీ, అక్కణ్ణుంచి పళ్ళలోకీ పాకింది. పళ్ళు బిగబట్టి రాశాను. ఎదురుగా హైమావతి కూర్చునేది. నేను రాసిన గిన్నె అందుకుని, గుడ్డతో తుడిచి, ఒకసారి అటూ ఇటూ తిప్పి చూసి, "బాగా వచ్చిందక్కా" అని పక్కన పెట్టేది. ప్రతి గిన్నెకీ అదే మాట. ఈ ఇంటికొచ్చాక ఎన్నడూ నా రాత గురించి మాట్లాడని పిల్ల ఇప్పుడు గిన్నెగిన్నెకీ మెచ్చుకోవడం ఏమిటో నాకు అంతుబట్టలేదు.

భోజనం కాగానే "విశ్రాంతి విశ్రాంతి" అంటూ నన్ను పైకి తరిమేవాళ్ళు. మంచమ్మీద పడుకుంటే కిందనుంచి మిషను చప్పుడు వినబడేది. హైమావతి కొడుతోంది. ఏం కొడుతోంది? ఆ రోజు ఆర్డర్లన్నీ పొద్దున నేను పూర్తి చేసి వచ్చానుగా? అటు తిరిగి పడుకున్నా అదే చప్పుడు, ఇటు తిరిగి పడుకున్నా అదే ఆలోచన. నా చోటుకి ఎసరు పెడుతోందని నాకు గట్టిగా అనుమానమొచ్చింది.

ఒకరోజు ఉండబట్టలేక చెప్పుల్లేకుండా చప్పుడు కాకుండా దిగాను. నన్ను చూసి హైమావతి గబుక్కున గిన్నె మీద గుడ్డ కప్పింది.

"ఏందే అది? కప్పుతున్నావు?"

"ఏం లేదక్కా. చెయ్యి తిరుగుద్దని ఊరికే పాత గిన్నె మీద రాస్తన్నా."

"చెయ్యి తిరిగాక ఏం చేస్తావు? బల్ల రాయించుకుంటావా?"

ఆమె కళ్ళ నిండా నీళ్ళు తిరిగాయి. గుడ్డ అంచు ఇంకా కిందికి లాగింది. అది చూస్తే నాకు ఇంకా ఒళ్ళు మండింది.

"నా తల పగిలితే నా చోటు ఖాళీ అయిందనుకున్నావేమో. స్కాన్ నార్మల్, స్కోరు సున్నా. విన్నావుగా నువ్వు కూడా?"

"వల్లీ, అరవబాకు. కస్టమర్లున్నారు," అన్నాడు మా ఆయన గల్లా దగ్గర్నుంచి. "నువ్వు పైకెళ్ళు."

చేతికందిన గరిటె విసిరికొట్టాను. అది షట్టరుకి తగిలి కొట్టంతా మోగింది. ఆ మోతకి అందరికన్నా ముందు తలపట్టుకుని కూలబడింది నేనే.

రెండో ఫోన్ వచ్చినప్పుడూ పద్ధతి మారలేదు. కంచాల మధ్య ఫోను, చుట్టూ సైగలు. "ఊరికే కోపం వస్తోందా?" అన్న ప్రశ్న దగ్గర మాత్రం అత్తగారు ఒక్క క్షణం తటపటాయించి, "అది ముందునుంచీ ఉన్నదేనమ్మా, దెబ్బతో వచ్చింది కాదు" అంది. దీపశ్రీ దాన్ని లెక్కలోకి తీసుకోలేదు. మళ్ళీ సున్నా. ఆ మధ్యాహ్నం తలుపు వేసుకుని చాలాసేపు ఏడ్చాను. నొప్పి ఉంది. ఆ నొప్పి ఎవరికీ కనబడదు, చివరికి ఆ పిల్ల ప్రశ్నలకి కూడా దొరకలేదు. మరి అది నిజంగా ఉన్నట్టా, నేనే కల్పించుకుంటున్నట్టా?

ఉగాది వెళ్ళాక ఒకరోజు మీరా సాహెబ్ బాబాయ్ వచ్చాడు. మా కొట్లో మాసిన సామానుకి మెరుగు పెట్టి తెచ్చే మనిషి. నేను కాపరానికొచ్చేటప్పటికే మా మామగారి దగ్గర పనిచేస్తున్నాడు. మా ఆయన అప్పుడు బ్యాంకుకి వెళ్ళాడు, హైమావతి పైన వంటింట్లో ఉంది.

"ఏమ్మాయ్, తల ఎట్టా ఉంది?"

"బానే ఉంది బాబాయ్."

"శ్రీనాథ్ లేడా? ఈ వారం మూట పంపలేదేందని వచ్చా."

"ఏం మూట?"

"అదేనమ్మా, పేర్లు తుడిచే..." అని ఆగిపోయాడు. నా మొహం చూశాడు. "ఏం లేదులే. వేరే కొట్టోళ్ళ సంగతి ఇక్కడ అడుగుతున్నా. ముసలోణ్ణి, అన్నీ కలిపేసుకుంటన్నా" అని మంచినీళ్ళు కూడా తాగకుండా సైకిలెక్కాడు. ఆ పెద్దమనిషికి అబద్ధం ఆడటం బొత్తిగా చేతకాదు.

మెట్ల కింద అట్టపెట్టెలు పెట్టుకునే గది ఉంది. దెబ్బ తగిలాక నన్ను అటు వెళ్ళనివ్వడం లేదు, పైనుంచి ఏదన్నా పడుతుందని. పెట్టెలు జరిపితే వెనకాల గోనెసంచి. మూతి విప్పి వాకిట్లో వెలుగులోకి లాగాను.

గిన్నెలు, గ్లాసులు, రెండు బిందెలు. అన్నిటి మీదా నా చేతిరాత. ఒకదాని మీద పెళ్ళికూతురి పేరు రెండుసార్లు రాసి పెళ్ళికొడుకు పేరు వదిలేశాను. ఒకదాని మీద ఇంటిపేరు ఉండాల్సిన చోట ఊరిపేరు. ఒక బిందె మీద సగం పేరే ఉంది, మిగతా సగం రాయకుండానే లేచి వెళ్ళిపోయినట్టున్నాను. కొన్నిటి మీద తుడిచిన మచ్చ ఉంది. లోతుగా కొట్టినవి తుడిచినా పోలేదు, అట్లాంటివీ, ఈ వారం ఇంకా పంపనివీ మూటలో మిగిలినట్టున్నాయి. సంచి అడుగున ఈశ్వరయ్య గారి షష్టిపూర్తికి మచ్చుగా చేసిన గిన్నెలు కనబడ్డాయి. బెల్లంకొండ వాళ్ళ పెద్దకర్మ గ్లాసులు కూడా ఆ వారమే చేశాను. చెయ్యి ఆ మాటల్నే పట్టుకుని ఇటు వచ్చేసింది. 'కీ.శే. ఈశ్వరయ్య గారి జ్ఞాపకార్థం' అని ఉంది గిన్నె మీద, ఒక్క అక్షరం వంకర లేకుండా. పక్క కొట్లోంచి ఆయన ఎవర్నో కేకలేయడం వినబడుతూనే ఉంది.

అక్కడే మెట్టు మీద కూర్చుండిపోయాను. ఏడుపు తర్వాత వచ్చింది. ముందు వచ్చింది మాత్రం ఊరట. నాకు బాగాలేదు. నిజంగానే బాగాలేదు. చేత్తో పట్టుకుని చూపించడానికి ఇన్నాళ్ళకి ఒక రుజువు దొరికింది.

మా ఆయన బ్యాంకు నుంచి వచ్చేసరికి గిన్నెలన్నీ గల్లా బల్ల మీద పరిచి కూర్చున్నాను. అత్తగారూ హైమావతీ మెట్ల దగ్గర నిలబడ్డారు, దిగలేక ఎక్కలేక.

"మీరా సాహెబ్ చెప్పాడా?" అన్నాడు ఆయన.

"గిన్నెలు చెప్పినయ్యి."

"నీ మంచికేనే," అంది అత్తగారు. "తెలిస్తే దిగులు పడతావని..."

"దిగులు పడలేదనుకున్నారా అత్తయ్యా? తల పగిలిపోతంటే అందరూ కలిసి బానే ఉంది బానే ఉందంటారు. ఇంతమంది బానే ఉందంటంటే ఇక పోయింది నా మతేనని అనుకున్నా. పిచ్చిదాన్నయిపోతన్నానని రోజూ చస్తన్నా. ఒక్కళ్ళన్నా చెప్పొచ్చుగా?"

"నేను చెబుదామన్నానక్కా," అంది హైమావతి. "బావగారు ఒద్దన్నారు."

మధ్యాహ్నం పూట ఆమె కొట్టింది నా తప్పులకి బదులు గిన్నెలు. నేను పాడుచేసినవి దాచేసి, కొత్తవి తీసి, నా రాతలా కనబడేట్టు నా అక్షరాల్ని చూసి చూసి రాసింది. దానికి నా దగ్గర దొరికిన బహుమానం గరిటె.

"ఆ రోజు గరిటె నీకు తగల్లేదు కదే?"

"తగిలుంటే నాకూ స్కాన్ తీయించేవాళ్ళుగా," అని ముక్కు ఎగబీల్చుకుని నవ్వింది.

మా ఆయన నవ్వలేదు. ఈశ్వరయ్య గారి గిన్నె చేతిలోకి తీసుకుని తిప్పుతూ కూర్చున్నాడు. "చెయ్యి జారింది నాదే కదే" అన్నాడు. "నీకు బాలేదంటే అది నేను చేసిందేగా. బానే ఉందనుకుంటే కాస్త అన్నం సయిస్తంది."

ఆ మాటతో నా కోపం పోయిందని చెప్పను. కానీ అప్పుడు ఒకటి తట్టింది. ఆ మాఘమాసం నుంచి ఆయన నిచ్చెన ఎక్కలేదు. ఎవరొచ్చి గుండిగ అడిగినా "స్టాకు లేదండీ" అంటున్నాడు. పై అర నిండా గుండిగలు దుమ్ము కొట్టుకుని ఉన్నాయి. ఆ మాట నేనూ రోజూ వింటూనే ఉన్నాను, నా తలనొప్పిలో పడి పట్టించుకోలేదు.

ఆ వారంలోనే మూడో ఫోన్ వచ్చింది. ఎప్పటిలా స్పీకరు, ఎప్పటిలా కంచాలు. ఈసారి ఎవరూ సైగ చెయ్యలేదు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది, నోరు జారుతుందని భయం కాబోలు.

"తలనొప్పి మేడమ్?"

"తరచుగా."

"చప్పుళ్ళు?"

"ఎప్పుడూ ఉంది. స్టీలు కొట్టమ్మా మాది."

దీపశ్రీ కాగితాలు తిరగేసిన చప్పుడు వినబడింది. "మేడమ్, పోయినసారి అన్నీ సున్నా కదా? మళ్ళీ ఏమైనా దెబ్బ తగిలిందా?"

"లేదమ్మా. పోయిన రెండుసార్లూ మావాళ్ళు రాశారు పరీక్ష. ఇవాళ నేను రాస్తన్నా. నువ్వు అడుగు."

ఆ పిల్ల అడిగింది, నేను చెప్పాను. ఒక్కోటీ బయటికి చెబుతుంటే అత్తగారి కళ్ళు పెద్దవవుతున్నాయి. మా ఆయన కంచంలో అన్నం కలుపుతూనే ఉన్నాడు, ముద్ద ఎత్తలేదు.

"చివరిది. కష్టంగా ఉన్నప్పుడు ఇంట్లోవాళ్ళతో చెప్పుకుంటున్నారా?"

"ఇవాళే మొదలుపెట్టా."

"నాలుగింట్లో ఒకటి చెప్పాలి మేడమ్."

"అయితే అప్పుడప్పుడు అని రాసుకో."

ఈసారి స్కోరు ఎంతని అత్తగారు అడగలేదు. దీపశ్రీయే డాక్టరుతో మాట్లాడి రమ్మని కబురు పెట్టింది. పనిని ముక్కలు ముక్కలుగా చేసుకోమన్నాడు డాక్టరు. తల నొప్పి మొదలవగానే ఆపేయాలి, పళ్ళు బిగబట్టి లాగకూడదు. తగ్గుతుంది గానీ నెలలు పట్టొచ్చు అన్నాడు. మా ఆయన మొదటిసారి ఆ మాటలు చివరిదాకా విన్నాడు.

ఈశ్వరయ్య గారికి దాచకుండా చెప్పేశాం. ఆ గిన్నె కూడా చూపించాం. ఆయన కళ్ళజోడు సర్దుకుని ఒకసారి చదివాడు, తుడుచుకుని మళ్ళీ చదివాడు.

"సుబ్బరత్నానికి మాత్రం చూపించబాకండి," అన్నాడు. తర్వాత నావైపు చూడకుండా, "ఏమనుకోబాకు అమ్మాయ్. శుభమా అని చేసుకుంటన్నాం. ఈసారికి హైమావతి చేత కొట్టిద్దాం శ్రీనాథా" అన్నాడు.

ఆయన్ని తప్పుపట్టలేను. కానీ ఆ రాత్రి అన్నం తినబుద్ధి కాలేదు. షష్టిపూర్తి గిన్నెలన్నీ హైమావతే కొట్టింది. నేను పక్కన స్టూలు మీద కూర్చుని పేర్లు ఒక్కో మాటా చదివాను, ఆమె రాసింది. వాటి మీద 'సుబ్బరత్నమ్మ' నా రాతకంటే కాస్త గుండ్రంగా ఉంటుంది. కొత్త ఆర్డర్లలో చిన్నవి మాత్రం పొద్దున పూట నేను కొట్టడం మొదలుపెట్టాను. అప్పుడు హైమావతి చదివేది, నేను రాసేదాన్ని. తప్పు వస్తే "తప్పక్కా" అనేది. ఆ మాట వినడానికి ఎంత హాయిగా ఉండేదో.

వైశాఖం చివర, ఎండ దంచేస్తున్న ఒక మధ్యాహ్నం, నూజెండ్ల నుంచి భార్యాభర్తలు వచ్చారు. కూతురి సారెకి ఇత్తడి గుండిగ కావాలన్నారు.

"స్టాకు..." అని మొదలెట్టాడు మా ఆయన.

"ఉందండీ," అన్నాను నేను. "పైన ఉంది. తీస్తారు."

ఆయన నావైపు చూశాడు. నేను చూపు తిప్పుకోలేదు. గోడకి చేరేసిన నిచ్చెన తెచ్చి వేశాడు. ఎక్కి, దుమ్ము దులిపి, గుండిగ రెండు చేతుల్తో పట్టుకుని ఆగిపోయాడు.

"నువ్వు పక్కకి జరుగు. హైమని పిలువు."

"జరగను. నేను పట్టుకున్నానన్నాకే వదలండి."

గుండిగ మెల్లగా కిందికి వచ్చింది. నా చేతులు అంచు మీద పడ్డాయి.

"పట్టుకున్నావా?"

"పట్టుకున్నా."

"గట్టిగా?"

"గట్టిగానే. వదలండి."

వదిలాడు. దాని బరువంతా నా చేతుల్లోకి దిగింది. పడలేదు. దించి బల్ల మీద పెట్టానో లేదో, ఆ పెద్దమనిషి వేలి కణుపుతో ఠకీమని ఒకటి కొట్టాడు. ఖంగుమని మోగింది. ఆ మోత కణతల్లోంచి మెడనరాల దాకా దూసుకుపోతే బల్ల అంచు పట్టుకుని నిలబడ్డాను. మా ఆయన నిచ్చెన దిగుతూ దిగుతూ నా మొహమే చూస్తున్నాడు.

"సరుకు బాగుంది," అన్నాడు ఆ పెద్దమనిషి. "మా అమ్మాయి పేరు, అల్లుడి పేరు కొట్టియ్యండి. సాయంత్రం బస్సుకి పోవాల."

మా మామగారి కాలం నుంచీ ఈ కొట్లో ఒక కట్టుబాటు ఉంది. గడప తొక్కినవాళ్ళని రేపు రమ్మనకూడదు. రాత్రి షట్టరు సగం దించాక వచ్చినా సరే, జ్వరంతో మూలుగుతున్నా సరే. నా కాపరం మొత్తంలో ఆ మాట ఈ కప్పు కింద ఒక్కసారి కూడా వినలేదు. కొడతానని చెప్పడానికి నోరు తెరిచాను.

"మా ఆవిడకి ఇవాళ తల బాగాలేదండీ," అన్నాడు మా ఆయన వెనకనుంచి. "పేర్లు ఆవిడే కొట్టాల. రేపు రండి."